ఈసీయూలో వేరే బండి నంబరు: దాన్ని చెరిపేస్తే కేసు పోయినట్టే

ప్రశ్న: మాది తెనాలి. 2012 మోడల్ డీజిల్ కారు, ఎల్లో బోర్డు. నేనే నడుపుకుంటూ ఇల్లు గడుపుకుంటున్నాను. చెక్ ఇంజిన్ లైటు వెలిగి పికప్ పడిపోతుంటే విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె) పోయిందన్నారు. ‘న్యూ ఈసీయూ రూ.58,000’ అని వాట్సాప్‌లో ఎస్టిమేట్ పంపారు. డబ్బు సూపర్‌వైజర్ నంబరుకు ఫోన్‌పే చేశాను. బిల్లు ఇవ్వలేదు, పాత ఈసీయూ కూడా ఇవ్వలేదు. మూడు నెలలకే తిరుపతి వెళ్తుంటే అర్ధరాత్రి పిల్లలతో హైవే మీద బండి ఆగిపోయింది. అప్పటి నుంచి తిప్పుకుంటూనే ఉన్నారు. ‘ఎలక్ట్రికల్ సామానుకు గ్యారంటీ ఉండదు’ అని ఓనరు నలుగురిలో నన్ను కసిరాడు. ఈ మధ్య మా ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ స్కానర్ పెట్టి చూస్తే అందులో వేరే బండి ఛాసిస్ నంబరు కనిపించింది. రూ.4,000 ఇస్తే మా బండి నంబరు రాసి సరిచేస్తానంటున్నాడు. ఈసీయూ వేయించి 22 నెలలైంది. చీటింగ్ కేసు పెట్టవచ్చా? జరిగిన అవమానానికి ఎంత పరిహారం వస్తుంది?

జవాబు: ముందు ఆ రూ.4,000 పని ఆపండి. ఇప్పటికే ఒప్పుకుని ఉంటే ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి. మీ కేసులో అసలు సాక్షి మీరు కాదు, ఆ పెట్టెలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు. దాన్ని చెరిపి మీ నంబరు రాయిస్తే బండి నాలుగు రోజులు నడుస్తుందేమో కానీ, వర్క్‌షాపు వాళ్లు చేసిన పనికి రుజువు మీ చేతులతో మీరే తుడిచేసినవారవుతారు. పైగా ‘బయటి మెకానిక్ కెలకడం వల్లే చెడిపోయింది’ అనే వాదన వాళ్లకు ఉచితంగా దొరుకుతుంది.

మీరు అవమానం గురించి ఎక్కువ రాశారు. కేసు దాని మీద నిలబడదు. సెకండ్ హ్యాండ్ ఈసీయూ వేయడం తప్పు కాదు. పాత బండ్లకు కొత్తది దొరక్క చాలామంది అదే వేయించుకుంటారు. సెకండ్ హ్యాండ్‌ను కొత్తదని అమ్మడం తప్పు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(47) దీన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. కాబట్టి తేలాల్సింది ఒక్కటే: ‘కొత్తది’ అని చెప్పి పాతది వేశారా, లేదా? ‘న్యూ’ అన్న మాట వాట్సాప్‌లో ఉంది, పాతదనడానికి గుర్తు పెట్టెలో ఉంది. ఈ రెండూ చేతిలో ఉన్నంతవరకు గ్యారంటీ లేదన్న మాటకు పెద్ద విలువ లేదు.

బిల్లు లేకుండా, సంస్థ ఖాతాకు కాకుండా ఎవరో సూపర్‌వైజర్ నంబరుకు రూ.58,000 పంపడం ఏమిటండీ? విప్పిన పాత భాగం అడిగి తెచ్చుకోకపోవడం ఇంకో పొరపాటు. అది చేతిలో ఉంటే, అసలు చెడిపోయిందా లేక వైరింగ్ లోపాన్నే ఈసీయూ మీదకు నెట్టారా అన్నది కూడా తేలేది. ఇప్పుడు ‘ఆ డబ్బు మాకు రాలేదు, ఆ ఈసీయూ మేం వేయలేదు’ అని వాళ్లు అనడం ఖాయం. లోపాన్ని నిరూపించే బాధ్యత ఫిర్యాదుదారుదేనని సుప్రీం కోర్టు 2021లో కూడా స్పష్టంగా చెప్పింది. అందుకే జాబ్ కార్డు (బండిని పనికి తీసుకునేటప్పుడు వర్క్‌షాపు రాసిచ్చే కాగితం), ఎస్టిమేట్, ఫోన్‌పే చెల్లింపు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు, బండి ఆగిన రాత్రి టోయింగ్ రసీదు, ఆ తర్వాత మీరు పంపిన మెసేజీలు, ‘తీసుకురండి, చూస్తాం’ అని వాళ్లిచ్చిన జవాబులు అన్నీ తేదీల వరుసలో పెట్టండి. ఆ ‘తీసుకురండి’ అన్న మాట మీకు చాలా పనికొస్తుంది. పని వాళ్లే చేశారనడానికి అదే ఆధారం. ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. వీటి ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ కూడా జతచేయండి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్లే. నాకు మొన్ననే తెలిసింది కదా అని మీరు వాదించవచ్చు కానీ, వాళ్లు ఈసీయూ వేసిన రోజు నుంచే లెక్కపెడతారు. మీరూ అలాగే లెక్కపెట్టుకోండి. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. వర్క్‌షాపు చుట్టూ తిరిగినంత మాత్రాన, లాయరు నోటీసు పంపినంత మాత్రాన గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ తగిన కారణం చూపాలి. ‘వచ్చే వారం రమ్మన్నారు’ అనేది తగిన కారణమని నేను నమ్మను.

చీటింగ్ కేసుతో మొదలుపెడితే, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. ఇది సివిల్ వివాదం అంటూ స్టేషన్లో రోజులు గడిచిపోతే ఈ రెండు నెలలూ అయిపోతాయి. వర్క్‌షాపు పేరు పెట్టి వీడియో తీసి వదిలితే పరువు నష్టం కేసు మీ మీదే పడవచ్చు. ఆ రెండూ వద్దు.

ఈ వారంలోనే ఆ ఎలక్ట్రీషియన్ దగ్గర మళ్లీ స్కానర్ పెట్టించండి. చదవడం మాత్రమే, ఏదీ రాయకూడదు. నంబరు ప్లేటు, బండి మీద చెక్కిన ఛాసిస్ నంబరు, స్కానర్ తెర ఒకే వీడియోలో, మధ్యలో ఆపకుండా రావాలి. ఈసీయూ మీది లేబుల్, పార్ట్ నంబరు ఫొటోలు తీయండి. స్కాన్ రిపోర్టు ప్రింటు మీద అతని సంతకం, తేదీ తీసుకోండి. అతని అఫిడవిట్ కూడా కావాలి. వీలైతే అదే కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్లో రెండో రిపోర్టు తీసుకోండి. మీ ఎలక్ట్రీషియన్‌కు మీతో స్నేహం అని అవతలివాళ్లు అంటారు.

వెంటనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, అందినట్టు రుజువు దాచండి. బిల్లు, పాత ఈసీయూ, వాళ్లు ఆ సామాను ఎక్కడ కొన్నారో చూపే ఇన్‌వాయిస్, మీ రూ.58,000 అడగండి. 15 రోజులు చాలు. జవాబు రాకపోతే గుంటూరు జిల్లా కమిషన్‌లో వేయండి. మీరు నివసించే చోటే వేయడానికి సెక్షన్ 34 వీలు ఇస్తుంది, విజయవాడ తిరగనక్కర్లేదు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు.

ఫిర్యాదులో ఒక వాక్యం తప్పనిసరిగా రాయించండి: బండి నేనే నడుపుకుంటూ, స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే వాడుతున్నాను అని. ఎల్లో బోర్డు కాబట్టి వ్యాపారం, మీరు వినియోగదారుడే కాదని వాళ్లు మొదటి అభ్యంతరం పెడతారు. సొంతంగా ఆటో నడుపుకుని బతికేవారు వినియోగదారులేనని సుప్రీం కోర్టు 1995లోనే చెప్పింది. మీ లైసెన్సు, బ్యాడ్జి, ట్రిప్ షీట్లు జతచేయండి. పోయిన సంపాదన అడగాలన్నా ఆ షీట్లే లెక్క. మానసిక వేదనకు కొంత కోరవచ్చు, కానీ అది కమిషన్ విచక్షణ. ముందే అంకె చెప్పి మిమ్మల్ని ఆశపెట్టను.

బండి నిలిపేస్తే ఇల్లు గడవదు కదా. అందుకే ఫిర్యాదుతో పాటే సెక్షన్ 38 కింద ఈసీయూ పరీక్షకు దరఖాస్తు వేయండి. అప్పటిదాకా ఆగలేకపోతే, సాక్షుల ముందు ఈసీయూ విప్పించి, సీలు చేసి, సంతకాలతో భద్రపరచి, వేరేది వేయించుకోండి. వేయించే ముందు బ్యాటరీ, ఎర్త్, వైరింగ్ కనెక్టర్లు పరీక్ష చేయించి ఆ రిపోర్టు ఉంచండి. లేకపోతే మీ వైరింగ్ వల్లే మా ఈసీయూ కాలిందంటారు. ఈసారి బిల్లు మీద పార్ట్ నంబరు, కొత్తదా రీకండిషన్ చేసిందా, వారంటీ ఎన్ని నెలలు అన్నవి రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి, అదీ సంస్థ ఖాతాకే.