ఆ యుటిల్స్ ఫైల్ సంగతి

అమ్మడూ,

మొన్న ఫోన్‌లో చెప్పావు కదా, మీ టీమ్‌లో అందరికీ పనికొచ్చే చిన్న చిన్న ఫంక్షన్లు పడేసే యుటిల్స్ ఫైల్ చాంతాడంత అయిపోయింది, దాన్ని సర్దే పని నీ నెత్తిన పడింది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు అని. నువ్వేమో మారతహళ్ళి బ్రిడ్జి కింద నిలబడి మాట్లాడావు, ఆ హారన్లలో నేను చెప్పింది సగం కూడా నీకు వినబడి ఉండదు, అందుకే ఇలా తీరిగ్గా రాస్తున్నా.

ముందుగా, దాన్ని ఒక్క దెబ్బకి ముక్కలు చేసేసి వంద ఫైళ్ళు మారిన పుల్ రిక్వెస్ట్ (నా మార్పులు చూసి కలపండి అని టీమ్‌ని అడిగేది) మాత్రం పెట్టకు. రివ్యూ చేసేవాళ్ళు చదవకుండానే అప్రూవ్ కొట్టేస్తారు, తర్వాత ఏది విరిగినా నీ మీదకే వస్తుంది. మొదట ఎవరూ పిలవని ఫంక్షన్లు వెతికి తీసెయ్, అలాంటి ఫైళ్ళలో అవి బోలెడు ఉంటాయి. తర్వాత ఒక్క చోటే వాడుతున్నవి చూడు, వాటిని ఆ వాడే ఫైల్ పక్కకే పంపించెయ్. ఈ రెండు పనులకే ఫైల్ చాలా తగ్గిపోతుంది.

మిగిలినవాటిలో ఏది నిజంగా అందరిదీ అన్నదే అసలు ప్రశ్న. కోడ్ ఒకేలా కనిపించినంత మాత్రాన కలిపెయ్యకూడదు, వెనకాల ఉన్న రూల్ ఒకటేనా అని చూడాలి. జావాస్క్రిప్ట్‌లో తేదీ, టైమ్‌ని అక్షరాలుగా మార్చే టూ ఐఎస్ఓ స్ట్రింగ్ కొట్టి, మొదటి పది అక్షరాలు కోసుకుని, ఇదే ఈరోజు తేదీ అనుకునే హెల్పర్ (చిన్న సాయం ఫంక్షన్) మీ కోడ్‌లో ఉండే ఉంటుంది, వెతుకు. అది ఇచ్చేది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికమైన టైమ్, మనం దానికి ఐదున్నర గంటలు ముందున్నాం, కాబట్టి అర్ధరాత్రి 12 నుంచి తెల్లారి 5:30 దాకా అది నిన్నటి తేదీనే చూపిస్తుంది, ఆఫీసు టైమ్‌లో ఎన్నిసార్లు టెస్ట్ చేసినా దొరకదు. ఇలాంటిది నలుగురు నాలుగు చోట్ల రాసుకుంటే నాలుగు చోట్లా తప్పే, ఒక చోట దిద్దినా మూడు మిగిలిపోతాయి. ఇది ఖచ్చితంగా అందరూ వాడుకునే షేర్డ్ ఫోల్డర్‌లో ఉండాల్సిందే, అదీ డేట్స్ అనే ఫైల్‌లో, పక్కన టెస్ట్‌తో సహా. ఆ ఫంక్షన్ లోపల టైమెంతో అదే చూసుకోకుండా టైమ్‌ని బయటి నుంచి ఇవ్వు, అప్పుడు రాత్రి రెండు గంటల కేసుని పట్టపగలే టెస్ట్ చెయ్యొచ్చు.

ధర చూపించే ఫంక్షన్ దీనికి పూర్తిగా రివర్స్. కార్ట్ పేజీలో పైసలు అక్కర్లేదు, ఇన్వాయిస్‌లో పైసలు లేకపోతే కుదరదు. మొదట్లో రెండూ ఒకేలా ఉన్నాయని ఎవరో కలిపేస్తారు, తర్వాత పైసలు కావాలా వద్దా అని చెప్పే ఒక ఫ్లాగు, ఆపైన ఇంకో ఫ్లాగు, చివరికి బ్రాకెట్లలో ట్రూ, ఫాల్స్, ట్రూ అని ఉంటుంది, దేనికేంటో రాసినవాడికి కూడా గుర్తుండదు. అలాంటిది కనిపిస్తే మొహమాటపడకుండా విడగొట్టు. పిలిచే ప్రతిచోటా ఆ కోడ్‌ని కాపీ చేసి, అక్కడ పనికిరాని ఇఫ్‌లు తీసేస్తే మిగిలేది రెండు మూడు లైన్లే. లక్షల దగ్గర కామా పెట్టడానికి ఎలాగూ బ్రౌజర్‌లోనే ఇంటిల్ నంబర్ ఫార్మాట్ ఉంది, ఈఎన్-ఐఎన్ అని ఇస్తే 12,34,567 అని అదే పెడుతుంది, దానికోసం సొంత రెజెక్స్ (అక్షరాల నమూనాని వెతికే కోడ్) ఎందుకు చెప్పు. రెండు చోట్ల రిపీట్ అయితే ఓర్చుకో, మూడో చోటు వచ్చినప్పుడు ఆలోచించు.

ఇంకోటి, షేర్డ్ ఫోల్డర్‌లోది ఏదీ ఆర్డర్స్ నుంచో పేమెంట్స్ నుంచో కోడ్ తెచ్చుకోకూడదు, అంటే ఇంపోర్ట్ చేసుకోకూడదు. వాళ్ళు దీన్ని వాడొచ్చు గానీ ఇది వాళ్ళని వాడకూడదు. ఈ నియమం తప్పితే ఫైళ్ళు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుని ఎక్కడో అన్‌డిఫైన్డ్ వస్తుంది, ఎందుకొచ్చిందో తెలుసుకోడానికి ఒక పూట పోతుంది. కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్‌లో నో రిస్ట్రిక్టెడ్ ఇంపోర్ట్స్ రూల్ పెట్టేస్తే మనుషులు కాపలా కాయక్కర్లేదు. అలాగే డేటాబేస్‌ని పిలిచేది, లాగిన్ అయిన యూజర్ ఎవరో చూసేది హెల్పర్ అనిపించుకోదు, దాన్ని దాని సర్వీస్‌లోకి పంపు.

మీ పాత అడ్మిన్ ప్యానెల్ రైల్స్‌లో (రూబీ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఉందన్నావు. అక్కడ హెల్పర్స్ ఫోల్డర్‌లో విడివిడి ఫైళ్ళు చూసి మోసపోకు, మామూలుగా అన్ని హెల్పర్లూ అన్ని వ్యూలకీ (పేజీని చూపించే ఫైళ్ళకి) అందుతాయి, రెండు ఫైళ్ళలో ఒకే పేరుతో మెథడ్ ఉంటే ఎర్రర్ కూడా రాదు, ఒకటి ఇంకోదాన్ని కప్పేస్తుంది. స్టేటస్ లేబుల్ లాంటి పేర్లు ముందు చూడు, ఆర్డర్ స్టేటస్ లేబుల్ అని పూర్తిగా రాస్తే గొడవుండదు.

చిన్నచిన్నవాటికి ఎన్‌పీఎమ్ ప్యాకేజీ (బయటివాళ్ళు రాసి పెట్టిన జావాస్క్రిప్ట్ కోడ్) తెచ్చుకుందాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అని 11 లైన్ల ప్యాకేజీని రాసినతను తీసేస్తే దాని మీద ఆధారపడిన బిల్డులు ప్రపంచమంతా ఆగిపోయాయి.

ఆదివారం భోజనానికి రా, పిన్ని కూడా అడుగుతోంది. ఫ్లాగులు ఎక్కువున్న ఫంక్షన్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని తీసుకురా, ఏది విడగొట్టాలో కూర్చుని చూద్దాం.

బాబాయ్