ముందు పాటూరు, ఆ తరువాతే చిన్నబజారు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ కాలేజీ పిల్లలను ఉదయం నెల్లూరు ట్రంకు రోడ్డు పెద్ద కొట్లలో మొదలుపెట్టి, చిన్నబజారు మీదుగా నడిపించి, సాయంత్రానికి పాటూరు మగ్గాల దగ్గరకు తీసుకుపోతానని రాశావు. ముప్పయ్యేళ్ళకు పైగా నెల్లూరు బట్టల కొట్టులో గుమాస్తాగా తాన్లు విప్పి మడిచినవాడిగా చెబుతున్నాను, ఆ వరుసను తిరగవేయి. మగ్గం చూసి వచ్చిన పిల్లలు అంగట్లో చీర ధర వినగానే అందులో నేసినవారికి ఎంత ముట్టిందని అడుగుతారు. చూడనివారు తగ్గింపు ఎంతని అడిగి ఊరుకుంటారు.

పెన్నా దాటి కోవూరు మండలంలోని పాటూరుకు పొద్దున్నే చేరుకోండి. ఎండ ముదరకముందు వెళితే, పడుగును, అంటే నిలువు పోగులను, బారుగా లాగి గంజి పట్టించే పని కంటబడే అవకాశం ఉంటుంది. నేలలో గుంట తవ్వి అమర్చిన గుంట మగ్గం దగ్గర ఒకేసారి ఐదారుగురికి మించి నిలబడనీయకు. వెలుతురు అడ్డుపడితే తెగిన పోగు నేతగాడికి కనిపించదు. మగ్గం మీద కూర్చున్నవారితో మాత్రమే మాట్లాడి వచ్చేయకుండా, కండెలు చుట్టే ఆడవారిని, ముసలివారిని కూడా పలకరించమను. చీర కూలిలో వారి శ్రమకు విడిగా లెక్క కట్టడం నేను చాలా అరుదుగా చూశాను. అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం వెళ్ళవద్దు. మన జిల్లాకు అసలు వానలు అప్పుడే కదా, గుంటలో నీరు ఊరితే పని ఆగిపోతుంది. సంక్రాంతి వెళ్ళాక, మాఘమాసపు పెళ్ళి బేరాలు మొదలయ్యేలోపు దొరికే రోజులు అన్నివిధాలా అనువైనవి.

చిన్నబజారుకు మధ్యాహ్నం భోజనాల తరువాత రండి. బోణీ కాకముందు, కొనే ఉద్దేశం లేని గుంపు గడప తొక్కితే కొట్టువారి ముఖం ముడుచుకుంటుంది. నేనూ అలా ముడుచుకున్నవాడినే.

వెంకటగిరి చీర విప్పించినప్పుడు పిల్లల చేత ముందు దానిని తిరగేయించు. జాందానీ పనిలో బుటా, అంటే పువ్వులాంటి నమూనా, ఉన్నంత మేరకే అదనపు పోగును చేత్తో పొదుగుతారు కనుక వెనకవైపు కూడా బుటా దాదాపు ముందువైపులాగే శుభ్రంగా ఉంటుంది. మరమగ్గపు నకలులో ఆ పోగు వెనకగా ఒక బుటా నుంచి మరొక బుటాకు సాగుతుంది, లేదా కత్తిరించిన కొసలు చేతికి గరుకుగా తగులుతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ తేడా తెలియక నేనొక మరమగ్గపు చీరను చేనేత అని అమ్మితే, మర్నాడు ఒక పెద్దావిడ వచ్చి, ఏమీ అనకుండా దానిని బల్లమీద తిరగేసి పరిచింది. అయితే చేతిమగ్గం మీద జకార్డు, అంటే నమూనా ప్రకారం పోగులను ఎత్తే పరికరం, పెట్టి నేసిన చీరకూ వెనక పోగులు ఉండవచ్చు కాబట్టి, ఈ ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పనీయకు. చేనేత ముద్ర ఉన్నదేమో కూడా చూడమను. కొన్ని రకాల చీరలను చేనేతకే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది కానీ, దాని ఊసు కొట్టులో ఎత్తితే యజమాని మిమ్మల్ని తనిఖీకి వచ్చినవారనుకుంటాడు. ఆ చర్చ తరగతిలో పెట్టుకో.

చీరాల కూడా అదేరోజు చూపిస్తానన్నావు, అది కుదిరే పని కాదు. అక్కడి కుప్పడం చీరలతో పాటు, 1921లో పురపాలక పన్నుకు ఎదురుతిరిగి దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరు విడిచిన చీరాల, పేరాల జనం కథ కూడా చెప్పాలి కనుక దానికి వేరే రోజు కేటాయించు.

అడిగి చూసి, విప్పించి, ఉత్త చేతులతో బయటికి రావడం బాగుండదు. జట్టుకొక తువ్వాలైనా కొనేలా ముందే చందా పోగుచేయి. బిల్లు తప్పక అడిగి తీసుకోండి. అందులో చేనేత అని రాశారో, ఉత్త కాటన్ అని రాశారో తిరుగు బస్సులో పిల్లల చేతనే చదివించు.

ఇట్లు,
మీ మామయ్య