ఇంటినిండా చుట్టాలు, బాత్రూములు మాత్రం రెండే

సంక్రాంతి ఏర్పాట్ల మీద బెంగళూరు పాఠకులు అడిగిన ప్రశ్నలు, వాటికి జవాబులు

ప్రశ్న: ఈ సంక్రాంతికి గుంటూరు నుంచి అత్తమామలు, ఆడపడుచు కుటుంబం కలిపి ఏడుగురు వస్తున్నారు. మేము నలుగురం. రెండు పడగ్గదుల ఫ్లాటు, ఇద్దరం ఉద్యోగస్తులమే. పోయినేడు భోగినాడు అందరి తలంట్లు అయ్యేసరికి పదకొండు దాటింది. ఆ తర్వాత మూడు రోజులూ నేను వంటిల్లు వదిలింది లేదు. ఈసారి ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: గీజరు దగ్గర మొదలుపెట్టండి. వంట సంగతి తర్వాత.

15 లీటర్లు పట్టే 2 కిలోవాట్ల గీజరు జనవరి చన్నీళ్లను బాగా కాచడానికి సుమారు 20 నిమిషాలు తీసుకుంటుంది. చన్నీళ్లు కలుపుకుంటే ఒకటిన్నర బకెట్టు వస్తాయి. తలంటుకు మనిషికి అవి సరిపోతాయి, మిగలవు. పదకొండు మందికి రెండు బాత్రూములంటే ఆరు విడతలు, అంటే నిక్కచ్చిగా రెండు గంటలు. నూనె రాసుకోవడం, నలుగు పెట్టుకోవడం కూడా బాత్రూములోనే అయితే అది నాలుగు గంటలవుతుంది. మీ ఇంట్లో పోయినేడు జరిగింది ఇదే అయివుంటుంది. నూనె, నలుగు పని బాల్కనీలో పాత దుప్పటి పరిచి కానివ్వండి. బాత్రూము నీళ్లు పోసుకోవడానికి మాత్రమే. మొదటి విడత ఐదింటికి పెద్దవాళ్లది, చివరి విడత పిల్లలది. ఇద్దరు చిన్నపిల్లలకు ఒకేసారి పోయవచ్చు. రెండు గీజర్లు నడుస్తుండగా ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్ కూడా వేస్తే లోడు ఎక్కువై ఎంసీబీ (కరెంటును ఆపేసే రక్షణ స్విచ్చి) పడిపోయే ప్రమాదం ఉంది. చాలా అపార్ట్‌మెంట్లలో జనరేటరు మీద గీజరు నడవదు కాబట్టి కరెంటు పోతే పనికొచ్చేలా పెద్ద గిన్నెడు నీళ్లు గ్యాసు మీద ఉంచండి.

తర్వాతది సెలవు. కర్ణాటకలో సంక్రాంతి ఒక్కరోజే సెలవు. భోగికి, కనుమకు ఉండదు. పిల్లలకు భోగినాడు బడి ఉంటుందని ముందే లెక్కలో పెట్టుకోండి. ఇద్దరూ భోగికే సెలవు పెట్టడం దండగ. ఒకరు భోగికి, ఒకరు కనుమకు పెట్టుకోండి. భోగి ముందురోజు మధ్యాహ్నం నుంచి ఎవరో ఒకరు ఇంట్లో ఉండటం మరీ ముఖ్యం. సామాను చేరేదీ చుట్టాలు దిగేదీ ఆ పూటే.

ఇక వంట. నాలుగు రోజుల పూటలన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ‘ఇవాళ ఏం వండాలి’ అన్న ప్రశ్న రోజుకు మూడుసార్లు పుట్టకపోతే సగం అలసట ఉండదు. పూటకు మనిషికి నూరు గ్రాముల బియ్యం చొప్పున మీకు కిలో పైచిలుకు పడుతుంది. పాలు కాఫీకి, పెరుగుకు కలిపి రోజుకు మూడున్నర లీటర్లు. పాలబ్బాయికి వారం ముందే చెప్పాలి. కొనే దోసెల పిండి కిలోకు పన్నెండు, పదిహేను దోసెలు వస్తాయి, పదకొండు మందికి రెండు కిలోలు తక్కువ. ఇంట్లో రుబ్బేటట్టయితే ఒక సంగతి: గుంటూరులో ఎనిమిది గంటల్లో పులిసే పిండికి జనవరి బెంగళూరులో పన్నెండు, పద్నాలుగు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికల్లా రుబ్బి, ఉప్పు చేత్తో కలిపి, పొయ్యి గట్టు పక్కన మూత పెట్టండి. పెరుగు కూడా అంతే. పాలు గోరువెచ్చగా ఉండగానే తోడు కాస్త ఎక్కువ వేసి హాట్ బాక్సులో పెట్టాలి.

సంక్రాంతినాడు పొద్దున పొయ్యి మీదికి నాలుగు రకాలకు మించి రాకూడదు: పరమాన్నం, పప్పు, ఒక కూర, గారెలు. పులిహోర పులుసు వారం ముందే ఉడికించి సీసాలో పోస్తే ఆ పూట అన్నంలో కలపడమే. బొబ్బట్ల పూర్ణం ముందురాత్రి ఉండలు చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. గారెల పిండి రాత్రే రుబ్బవచ్చు కానీ ఉప్పు పొద్దునే వేయాలి. రాత్రే వేస్తే నీరు వదిలి జారవుతుంది, గారెలు నూనె తాగుతాయి. ఫ్రిజ్ చాలకపోతే కూరగాయలు బయటపెట్టండి. ఈ చలికి బాల్కనీ నీడలో రెండు రోజులు నిక్షేపంగా ఉంటాయి.

వచ్చినవాళ్లను ‘కాస్త సాయం చేయండి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పని పేరు, మనిషి పేరు ఆ కాగితం మీదే రాయండి. మామగారికి కొబ్బరికాయలు, అరటాకులు తేవడం, ఆడపడుచుకు పొద్దుటి టిఫిను, మీవారికి గిన్నెలు. ఇక్కడ ఇది అవరెకాయల (అనపకాయల) కాలం కదా, రెండు కిలోలు తెచ్చి టీవీ ముందు పోస్తే గింజలు వలిచే పనికి ఎవరూ పిలవక్కర్లేదు. గుంటూరు వాళ్లకు ఇక్కడి రాత్రి చలి ఎక్కువ, కాబట్టి అదనపు రగ్గులు నాలుగైనా ముందే ఎండలో వేసి ఉంచండి.

ప్రశ్న: అమ్మానాన్నలు పెద్దవాళ్లు. వాళ్లను మేమే ఇక్కడినుంచి రాజమండ్రి తీసుకెళ్లాలి. మొత్తం ఏడుగురం. ఏటా టికెట్ల దగ్గరే పండగ రుచి పోతోంది.
– ఒక పాఠకుడు, బాణసవాడి

జవాబు: 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది, ప్రయాణపు రోజును లెక్కలోకి తీసుకోరు. జనవరి 12న బయల్దేరాలంటే నవంబరు 13 ఉదయం 8 గంటలకు కూర్చోవాలి. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ అంతకుముందే పూర్తయి ఉండాలి. అది లేని ఖాతాతో బుకింగ్ తెరిచిన మొదటి రోజు టికెట్ రాదు.

ఒక టికెట్ మీద ఆరుగురికే వీలు. మీరు ఏడుగురు కాబట్టి ఎలాగూ రెండు టికెట్లు తప్పవు, అమ్మానాన్నలది విడిగా సీనియర్ సిటిజన్ కోటాలో తీసుకోండి. 60 ఏళ్లు నిండిన పురుషులకు, 45 నిండిన స్త్రీలకు కింది బెర్తు వచ్చే ఆ కోటా టికెట్ మీద ఒకరిద్దరే ఉన్నప్పుడు వర్తిస్తుంది. అందరినీ ఒకే టికెట్ మీద వేయాలని చూసేవాళ్లు చేతులారా పోగొట్టుకునేది దాన్నే.

తిరుగు టికెట్ కూడా ఆ వారమే తీసుకోవాలి. కనుమనాడు కాకి కూడా కదలదంటారు పెద్దలు, దాంతో తిరుగు ప్రయాణాలన్నీ ముక్కనుమ మీద పడతాయి. మరో రోజు ఆగగలిగితే మేలు. తత్కాల్ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ముందురోజు ఏసీకి 10 గంటలకు, స్లీపరుకు 11 గంటలకు తెరుస్తారు, టికెట్‌కు నలుగురే. ‘ముందురోజు’ అన్నది రైలు మొదట బయల్దేరే స్టేషన్ తేదీని బట్టి. ఎక్కాల్సింది కేఎస్‌ఆర్ స్టేషన్లోనా, యశ్వంతపురలోనా, బైయప్పనహళ్లి విశ్వేశ్వరయ్య టెర్మినల్లోనా అన్నది టికెట్ మీద రెండుసార్లు చూసుకోండి. బాణసవాడి నుంచి చివరిది పక్కనే, యశ్వంతపురకు మాత్రం సాయంత్రం ట్రాఫిక్‌లో గంటన్నర చేతిలో ఉంచుకోవాలి.

ప్రశ్న: అరిసెలు రెండేళ్లుగా చెడుతున్నాయి. ఒకసారి నూనెలో విడిపోయాయి, ఒకసారి రాయిలా గట్టిపడ్డాయి. పండగ ముందురోజు ఆ టెన్షన్ తట్టుకోలేకపోతున్నాను.
– ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: ముందు బియ్యం సంచీ చూడండి. బెంగళూరు కొట్లలో సోనామసూరి ‘స్టీమ్ రైస్’, ‘రా రైస్’ అని రెండు రకాలుగా దొరుకుతుంది. ఆవిరి పట్టిన బియ్యం అన్నానికి బాగుంటుంది, అరిసెలకు పనికిరాదు. పచ్చిబియ్యమే కావాలి.

కిలో బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి. నీళ్లు వంపేసి, బట్ట మీద పావుగంట ఆరబోసి, తడి ఉండగానే పిండి పట్టాలి. ఇక్కడి పిండిమరల్లో చాలామంది తడిబియ్యం పట్టరు. మిక్సీలో కొద్దికొద్దిగా వేసి జల్లించుకోవాలి. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి తడిబట్ట కప్పి ఉంచండి, గాలికి ఆరితే అరిసె అంచులు పగుళ్లిస్తాయి.

బెల్లం ముప్పావు కిలో, నీళ్లు గ్లాసుకు తక్కువ. మండ్య బెల్లమైనా అనకాపల్లి బెల్లమైనా సరే, నోట్లో వేసుకుంటే ఉప్పగా తగలకూడదు. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే కరగకుండా చేతికి మెత్తటి ఉండగా రావాలి. కరిగిపోతే లేత, పళ్లేనికి కొడితే ఠంగుమంటే ముదురు. మీ మొదటి ఏడాది లేత పాకం, రెండో ఏడాది ముదురు. పొయ్యి కట్టేశాకే పిండి కలపాలి, రెండు గుప్పిళ్ల పిండి పక్కన ఉంచుకోవాలి. ఒక్క అరిసె వేసి చూసి, విడిపోతే ఆ పిండి కలపండి. గట్టిగా వస్తే గోరువెచ్చటి పాలు చిలకరించి మర్దించండి. రెండు చెంచాల నెయ్యి చాలు, మరీ ఎక్కువైతే ఆ నెయ్యే విడగొడుతుంది. నూనె మధ్యరకం సెగ మీద ఉండాలి.

చలిమిడిని పండగ ముందురోజు పట్టకండి, నాలుగు రోజుల ముందు పట్టండి. పైన నెయ్యి రాసి స్టీలు డబ్బాలో మూత పెడితే ఈ చలికి బయటే ఆగుతుంది. తప్పు జరిగితే సరిచేసుకునే వ్యవధి ఉంటుంది, వత్తుకోవడం రోజుకు పదిహేను చొప్పున చేసుకోవచ్చు. కిలోకు నలభై దాకా వస్తాయి. అరిసెలు, సున్నుండలు, జంతికలు, ఈ మూడూ చాలు. సున్నుండలు పది రోజుల ముందే చేసి పెట్టవచ్చు. జంతికలు పూర్తిగా చల్లారాకే డబ్బాకెక్కించాలి, వేడిమీద మూత పెడితే ఆ ఆవిరికే మెత్తబడతాయి.

ప్రశ్న: పనమ్మాయి పండక్కి నాలుగు రోజులు ఊరెళ్తోంది. అపార్ట్‌మెంటులో భోగిమంట ఎలాగో కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: ఆమెకూ పండగే కదా, పంపించండి. వచ్చాక రోజంతా పట్టే పని మిగల్చకుండా, భోజనాలకు అరటాకులు, టిఫినుకు పోక ప్లేట్లు వాడండి. రెండూ తడిచెత్తలో వేయవచ్చు. మైనం పూత ఉన్న కాగితం ప్లేట్లు మాత్రం అందులో వేయకూడదు.

భోగిమంట బేస్‌మెంటులో, పార్కింగులో వద్దేవద్దు. సంఘానికి రెండు వారాల ముందే రాసి, ఖాళీ స్థలంలో అందరికీ కలిపి ఒక్క మంట అడగండి. పాతిక పిడకలు, కాసిన్ని ఎండుకట్టెలు, పక్కన రెండు బకెట్ల ఇసుక. పాత ప్లాస్టిక్, టైర్లు వేయనివ్వద్దు. భోగిపళ్లకు రేగుపళ్లు కావాలంటే గాంధీబజారులో ‘ఎలచి హణ్ణు’ అని అడగండి, ‘రేగుపళ్లు’ అంటే తెల్లమొహం వేస్తారు.