బీటెక్ కుర్రాడు, బీరువాలో కెమెరా

ప్రశ్న: మా అబ్బాయి రాజమండ్రి దగ్గర బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. రెండో ఏడాది దసరాకి వాళ్ల మేనమామ కెమెరా కొనిచ్చారు. అప్పటి నుంచి తెల్లారేసరికల్లా గోదావరి గట్టు మీద ఉంటున్నాడు. మొదటి ఏడాదివి రెండు బ్యాక్‌లాగ్‌లు ఇంకా అలాగే ఉన్నాయి. ఇప్పుడు చదువు మానేసి ఫోటోగ్రఫీ నేర్చుకుంటానంటున్నాడు. కోపమొచ్చి కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాను. వారం నుంచి నాతో మాటల్లేవు. బీటెక్ పూర్తి చేయించాలా, ఫోటోగ్రఫీ కోర్సులో చేర్పించాలా? పోల్చి చెప్పండి సార్. - ఒక తండ్రి

జవాబు: పోల్చి చెబుతాను గానీ, ముందు మీరే రాసిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. బ్యాక్‌లాగ్‌లు మొదటి ఏడాదివి. కెమెరా ఇంటికొచ్చింది రెండో ఏడాది దసరాకి. మరి ఆ సబ్జెక్టులు పోయిన నేరం కెమెరా మీదకి ఎలా వచ్చిందండీ? ఇంకో మాట. ఇంత ఉత్తరంలో మీవాడు తీసిన ఒక్క ఫోటో ఎలా ఉందో లేదు. చూశారా అసలు?

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకప్పుడు క్రికెట్ బ్యాట్, తర్వాత గిటార్, ఇప్పుడు కెమెరా. వస్తువు మారుతుంది, బీరువా మాత్రం అదే. మీరడిగింది కోర్సుల గురించే అయినా మీ టెన్షన్ వేరే ఉంది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరైనా అడిగితే 'ఫోటోలు తీసుకుంటున్నాడు' అని చెప్పుకోవాల్సొస్తుందేమోనని. అంత దూరం రాదు లెండి, కంగారు పడకండి.

కోర్సుల విషయం రెండు ముక్కల్లో చెబుతాను. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో ఫోటోగ్రఫీలో నాలుగేళ్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, బీఎఫ్‌ఏ ఉంది. మంచి చదువే. ఇంటర్ అవగానే అడిగి ఉంటే నేనే పంపమనేవాణ్ని. మూడో ఏడాదిలో బీటెక్ వదిలేసి, అక్కడ మళ్లీ నాలుగేళ్లు మొదలుపెట్టమని మాత్రం చెప్పను. బీటెక్ పూర్తి చేయాలి. పోలిక అయిపోయింది.

అసలు చెప్పాల్సింది 'ఇష్టమైన పనినే వృత్తిగా మార్చుకో' అన్న మాట గురించి. రీల్స్ తెరిస్తే ఇదే. నాకు దీని మీద మొదటి నుంచీ అనుమానమే. మన దగ్గర ఫోటోగ్రఫీకి డబ్బు ఎక్కువగా వచ్చే చోటు పెళ్లి పందిరి. తెల్లవారుజామున మూడున్నరకి ముహూర్తం ఉంటుంది. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం ఒక్కటే, రెండోసారి పెట్టమనలేం. సరిగ్గా అప్పుడే పెళ్లికూతురి మేనత్త ఫోన్ పట్టుకుని అడ్డంగా వచ్చి నిలబడుతుంది. తర్వాత వేల ఫోటోలు ఏరాలి, ఆల్బమ్ కూర్చాలి, బ్యాలెన్స్ డబ్బుల కోసం తిరగాలి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. మూఢం వస్తే మళ్లీ ఖాళీ. ఈఎంఐకి మూఢం ఉండదు కదా.

ఆ పనిని తక్కువ చేయడం లేదు. అందులోనే ఆనందంగా, దర్జాగా బతుకుతున్నవాళ్లున్నారు. కానీ తెల్లారి రేవులో నావల్ని తీయడం ఇష్టమైనవాడికి పెళ్లిళ్లు తీయడమూ ఇష్టమవుతుందని ఎక్కడుంది? నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి ఉద్యోగం మానేసి ఈవెంట్లలోకి దిగాడు. రెండేళ్లకు కనిపించి, 'సార్, నా కోసం నేను ఫోటో తీసుకుని ఏడాదైంది' అన్నాడు. ఇప్పుడు మళ్లీ టెస్టింగ్ ఉద్యోగంలో ఉన్నాడు, ఆదివారాలు పక్షుల వెంట తిరుగుతున్నాడు. ఓడిపోయి వెనక్కొచ్చాడని మీరంటారేమో, నేననను.

కుర్రాళ్లు పేరుమోసిన ఫోటోగ్రాఫర్ రఘు రాయ్ పేరు చెబుతుంటారు, ఆయనా సివిల్ ఇంజినీరింగ్ నుంచి వచ్చినవారేనని. నిజమే. కానీ ఆయన అన్నయ్య ఎస్.పాల్ అప్పటికే ఫోటోగ్రాఫర్. దారి చూపే మనిషి ఇంట్లోనే ఉన్నారు. నేనైతే రాజా దీన్‌దయాళ్ పేరు చెబుతాను. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో ఎస్టిమేట్లు వేస్తూ, 1870లలో కెమెరా పట్టుకున్నారు. పదేళ్ల పాటు నౌకరీ, ఫోటోలు రెండూ నడిపారు. అప్పుడు కూడా ముందు దీర్ఘకాలం సెలవు పెట్టి, ఆ తర్వాతే ఉద్యోగం వదిలారు. సికింద్రాబాద్‌లో స్టూడియో, ఆరో నిజాం కొలువు, 'రాజా' బిరుదు, అన్నీ ఆ పదేళ్ల తర్వాత వచ్చినవే.

ఈ పేరా మీ అబ్బాయికి చదివి వినిపించండి. బాబూ, ఆ రెండు సబ్జెక్టులూ వచ్చే సప్లీలో తీసెయ్. అప్పు చేసి లెన్స్ కొనకు. ఉన్న లెన్స్‌తోనే ఒక ఏడాది పాటు ఒకే రేవుని తీయి, ఎండాకాలం నుంచి వరద దాకా. సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరేటప్పుడు బయటి సంపాదన గురించి ఆఫర్ లెటర్లో ఏం రాశారో చదివి సంతకం పెట్టు. ప్రభుత్వ ఉద్యోగమైతే పక్కన వ్యాపారం నడపడం కుదరదు, సరదాగా తీసుకోవడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు. అంతర్జాతీయ సలాన్లకు, అంటే ఫోటో పోటీ ప్రదర్శనలకు, ఫోటోలు పంపి, పేరు చివర ఏఎఫ్‌ఐఏపీ (అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య ఇచ్చే గుర్తింపు) అని రాసుకునేవాళ్లలో పగలు ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లూ ఉన్నారు.

ఇక మీకు. కెమెరా ఈ రాత్రికే బయటికి తీయండి. గోదావరి తేమలో, గాలాడని బీరువాలో, బట్టల మధ్య నెలల తరబడి ఉంటే లెన్స్ లోపలి అద్దానికి ఫంగస్ పడుతుంది. టార్చి వేసి చూస్తే సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తాయి. ఒకసారి పట్టిందంటే వదిలించడం ఖర్చుతో కూడిన పని. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, సిలికా జెల్ ప్యాకెట్లు నాలుగు తెచ్చి, కెమెరా అందులో పెట్టి మీవాడి బల్ల మీద ఉంచండి. రేపు పొద్దున్నే పుష్కరాల రేవు దాకా మీరూ వెంట వెళ్లండి. ఎక్కడ నిలబడాలో తనే చెబుతాడు.