స్వరాల ముచ్చట: స్వీడన్ రాత్రి జాగారం

ప్రశ్న: పాత రికార్డుల్లో 'స్వీడిష్ రాప్సడీ' అనే మూడు నిమిషాల హుషారైన ట్యూన్ వింటుంటాను. అసలు రచన పదమూడు నిమిషాలట. అంతసేపు ఏముంటుందండీ? జానపద బాణీలు తీసుకుంటే ఇక కంపోజర్ చేసిందేమిటి? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు విన్నది గుమ్మం మాత్రమే. లోపలికి వెళ్లాలి.

స్వీడన్ కంపోజర్ హ్యూగో అల్ఫ్వేన్ 1903లో రాసిన ఈ రచన అసలు పేరు 'మిడ్‌సొమ్మర్‌వాకా', అంటే నడివేసవి జాగారం. రాప్సడీ అంటే ఒకే మూసకు కట్టుబడకుండా స్వేచ్ఛగా సాగే రచన. 1904లో స్టాక్‌హోమ్‌లో మొదటిసారి వినిపించారు. జూన్ నెలాఖరుకు స్వీడన్‌లో రాత్రి పూర్తిగా చీకటి పడదు. పల్లెల్లో జనం ఫిడేలు పెట్టుకుని తెల్లవార్లూ ఆడుతూనే ఉంటారు. అల్ఫ్వేన్ అలాంటి ఒక రాత్రిని మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. 1953లో మాంటొవానీ, పర్సీ ఫెయిత్ అనే ఆర్కెస్ట్రా నాయకులు మొదటి ట్యూన్ పట్టుకుని చేసిన రికార్డులు బాగా హిట్టయ్యాయి. మీరు విన్నది ఆ ముక్కే అయుంటుంది.

అసలు రచనలో ఆ ట్యూన్‌ని క్లారినెట్ ఎత్తుకుంటుంది. కింద వయొలిన్లవాళ్లు కమాను పక్కన పెట్టి తీగలు మీటుతుంటారు. కాసేపటికి బసూన్లు, అంటే బొంగురు గొంతు ఊదుడు వాయిద్యాలు, తూలుతూ వస్తాయి, బాగా తాగినవాళ్లలాగే. గోల పెరుగుతుంది.

ఆ తర్వాత అంతా సద్దుమణుగుతుంది. నన్నడిగితే ఈ రచనకు ప్రాణం ఇక్కడే ఉంది. ఇంగ్లిష్ హార్న్ ఒంటరిగా పాడటం మొదలుపెడుతుంది. అది మన సన్నాయిని పోలిన ఓబో జాతి వాయిద్యమే, కానీ ఓబో కంటే ఇంకా పొడుగు, గొంతు పంచమం కింద ఉంటుంది. అందుకే ఆ బరువు, ఆ దిగులు. అది పాడేది 'అడవుల్లో గాలులు నిట్టూరుస్తున్నాయి' అనే అర్థం వచ్చే పాత స్వీడిష్ జానపద గీతం. ఎన్నిసార్లు విన్నా నాకు అక్కడ గొంతు పట్టేస్తుంది. మూడు నిమిషాల రికార్డుల్లో ఇది లేకపోవడం చాలా అన్యాయం.

ఇక మీ రెండో ప్రశ్న. బాణీ జనానిదే కావచ్చు. దాన్ని ఏ వాయిద్యానికివ్వాలి, అల్లరి ఎక్కడ ఆపాలి, నిశ్శబ్దం ఎంతసేపు నిలపాలి అన్నవన్నీ కంపోజర్ నిర్ణయాలే. అదే గీతాన్ని ట్రంపెట్‌కిచ్చి ఉంటే ఆ రాత్రి మనకు కనిపించేదే కాదు. అల్ఫ్వేన్ ఆపెరా ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించినవాడు, వాటర్ కలర్స్ వేసినవాడు. ఏ స్వరానికి ఏ రంగో ఆయనకు బాగా తెలుసు. (భౌతికశాస్త్రంలో 1970 నోబెల్ అందుకున్న హాన్నెస్ అల్ఫ్వేన్ ఈయన అన్న కొడుకో, తమ్ముడి కొడుకో అవుతాడు.)

చివర్లో మళ్లీ నాట్యం, ఈసారి మూడు దెబ్బల నడక. పోల్స్కా అనే స్వీడిష్ నృత్యంలో ఆ మూడు ఒక్కలా పడవు. చాలా పోల్స్కాల్లో ఒకటో దెబ్బ మీద, మూడో దెబ్బ మీద ఊనిక ఉంటుంది. ఒకసారి చేత్తో తాళం వేస్తూ వినండి, ఒకటో దెబ్బ మీదే ఊనిక పడే యూరప్ నృత్యం వాల్ట్జ్‌కీ దీనికీ తేడా తెలిసిపోతుంది.

ఇది నచ్చితే ఆయనదే 1931 నాటి 'దలార్నా రాప్సడీ' కూడా వినండి (దలార్నా స్వీడన్‌లో ఒక ప్రాంతం). అందులో ఇంత సంబరం ఉండదు. సొప్రానో శాక్సఫోన్‌తో ఒంటరిగా మొదలవుతుంది. రెండింట్లో మీకేది పట్టుకుందో తప్పకుండా రాయండి.