అప్పడానికి ఎంత, పచ్చడికి ఎంత?

ప్రశ్న: బరంపురంలో పదకొండేళ్లుగా మినప అప్పడాలు, బూడిదగుమ్మడి వడియాలు, పచ్చళ్లు చేయించి దుకాణాలకు వేస్తున్నాను. ఆరుగురు ఆడవాళ్లు రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు పనిచేస్తారు. రోజుకూలి 520 రూపాయలు. పని చూసుకునే మనిషి జీతం 18,000, షెడ్డు అద్దె 12,000, కరెంటు 6,000. జనవరిలో 400 కిలోల అప్పడాలు, 150 కిలోల వడియాలు, 650 కిలోల ఉసిరి, నిమ్మ పచ్చళ్లు తయారయ్యాయి. సరుకుకూ ప్యాకింగుకూ కలిపి కిలో అప్పడాలకు 160, వడియాలకు 150, పచ్చడికి 140 అయింది. మిగిలిన ఖర్చు 1,14,000 రూపాయలను 1,200 కిలోలకు పంచి, కిలోకు 95 చొప్పున వేశాను. అమ్మకం ధరలు వరుసగా 300, 320, 220. ఈ లెక్కన అప్పడాల్లో కిలోకు 45 లాభం, పచ్చళ్లలో 15 నష్టం కనిపిస్తున్నాయి. పచ్చళ్లు మానేయమని మా తమ్ముడు అంటున్నాడు. విశాఖపట్నం టోకు వ్యాపారి ఒకరు నెలకు మరో 300 కిలోల అప్పడాలు 270 చొప్పున అడుగుతున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఆ ధరకు ఒప్పుకోకండి, పచ్చళ్లు మానకండి. మీ కూడికలూ భాగహారాలూ సరిగానే ఉన్నాయి. పొరపాటంతా ఖర్చును కిలోల మీద పంచడంలో ఉంది. కిలో పచ్చడి అంటే ఒక చిన్న సీసా, కిలో అప్పడాలు అంటే ఒక్కొక్కటిగా పీట మీద ఒత్తి, చాప మీద పరచి, ఎండ జరిగినకొద్దీ జరిపి, తిరగేసి, లెక్కపెట్టి కట్టిన పెద్ద దొంతర. ఈ రెండింటికీ ఒకే 95 రూపాయలు వేస్తే, అప్పడాలు ఒత్తే చేతుల కూలిలో కొంత పచ్చడి జాడీ ఖాతాలో పడుతుంది.

కూలిని గంటల మీద పంచాలి. మీ ఉత్తరంతో పంపిన వారం రోజుల పని పట్టికను నెలకు సాగదీస్తే, మొత్తం 1,200 గంటల్లో అప్పడాలకు 720, వడియాలకు 180, పచ్చళ్లకు 200 పోయాయి. మిగిలిన 100 గంటలు గిన్నెలు తోమడానికీ, బస్తాలు దించడానికీ, మబ్బు పట్టినప్పుడు చాపలు చుట్టడానికీ అయ్యాయి. నెల కూలి 78,000 కనుక గంటకు 65 రూపాయలు. దీన్నిబట్టి కిలో అప్పడాలకు కూలి 117, వడియాలకు 78 పడుతుంటే పచ్చడికి 20 మాత్రమే పడుతోంది. ఏ సరుకుకూ చెందని ఆ 100 గంటల కూలి 6,500 రూపాయలను ఉమ్మడి ఖర్చులో కలపండి.

ఉమ్మడి ఖర్చంతటికీ ఒకే కొలమానం పనికిరాదు. ఏ ఖర్చు దేనివల్ల పెరుగుతుందో చూసి, దాని మీదనే పంచాలి. అద్దె స్థలాన్నిబట్టి పోతుంది. షెడ్డులో సగం జాడీలే ఆక్రమించాయని మీరే రాశారు కనుక పచ్చళ్లకు 6,000, అప్పడాలకు 4,000, వడియాలకు 2,000 వేశాను. కరెంటును గ్రైండరు, కారం మిల్లు, సీలింగు మిషను నడిచిన సమయాన్నిబట్టి అప్పడాలకు 2,400, వడియాలకు 1,200, పచ్చళ్లకు 2,400గా తీసుకున్నాను. పని చూసుకునే మనిషి జీతాన్నీ, ఇందాకటి 6,500నూ కలిపితే వచ్చే 24,500ను కూలి గంటల నిష్పత్తిలో పంచాను, ఎందుకంటే ఆ మనిషి చూసుకునేది చేతుల పనినే. ఇవన్నీ కలిపితే ఉమ్మడి ఖర్చు కిలో అప్పడాలకు సుమారు 56, వడియాలకు 48, పచ్చడికి 20 అవుతుంది.

ఇప్పుడు సరుకు, కూలి, ఉమ్మడి ఖర్చు మూడూ కలపండి. కిలో అప్పడాలు మీకు 333 రూపాయలకు పడుతున్నాయి, వాటిని 300కు అమ్ముతున్నారు. వడియాలు 276కు పడి 320కి, పచ్చడి 180కి పడి 220కి పోతున్నాయి. నెల మొత్తం లాభం మీ లెక్కలోనూ నా లెక్కలోనూ 19,500 రూపాయలే. ఆ లాభం ఎక్కడ పుడుతోందో, ఎక్కడ కరిగిపోతోందో అన్నది మాత్రం తలకిందులైంది. పదకొండేళ్లుగా మీ అప్పడాలను పోషిస్తున్నవి మీరు మానేయాలనుకుంటున్న ఆ పచ్చళ్లే కావచ్చునమ్మా.

అలాగని రేపే అప్పడాలు ఆపేయకండి. ఆపితే 160 రూపాయల సరుకు ఖర్చు మిగులుతుంది, ఒత్తేవాళ్లను తగ్గిస్తే 117 రూపాయల కూలి మిగులుతుంది. అద్దె, పర్యవేక్షకుడి జీతం మాత్రం అలాగే ఉంటాయి. 300లోంచి 277 తీసేస్తే మిగిలే 23 రూపాయలు ప్రతి కిలో మీదా ఆ అద్దెకూ జీతానికీ సాయపడుతున్నాయి. ఆపేస్తే నెలకు 9,200 రూపాయల ఆ సాయం పోయి, భారమంతా వడియాల మీదా పచ్చళ్ల మీదా పడుతుంది. ఆపడానికి బదులు పనిగంటలను సరుకుల మధ్య మార్చి చూడండి. సరుకు ఖర్చు పోగా గంట పనికి అప్పడాల్లో దాదాపు 78 రూపాయలు వస్తుంటే, వడియాల్లో 142 వస్తున్నాయి. వడియాలు కొనే దుకాణాలు ఇంకా దొరికితే కొన్ని గంటలను అటు తిప్పండి, అప్పడాల ధరను మాత్రం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోండి.

ఇక ఆ టోకు వ్యాపారి మాట. 300 కిలోలకు 540 గంటలు కావాలి, మీ ఆరుగురికీ ఖాళీ లేదు. ఒక మనిషి నెలకు పనిచేసేది 200 గంటలు కనుక ముగ్గురిని కొత్తగా పెట్టుకోవాలి, వాళ్ల కూలి 39,000. సరుకు, ప్యాకింగు 48,000. మొత్తం 87,000 ఖర్చు పెడితే చేతికి వచ్చేది 81,000. అద్దెలో ఒక్క రూపాయి కూడా వేయకుండానే 6,000 నష్టమన్నమాట. అంతేకాదు, ఇప్పుడు మీ దగ్గర పర్యవేక్షకుడితో కలిపి ఏడుగురున్నారు. మరో ముగ్గురు వస్తే పదిమంది అవుతారు. ఉద్యోగుల బీమా పథకమైన ఈఎస్‌ఐ వర్తించే సంఖ్య పదే. అప్పుడు జీతాల మీద యజమాని వాటా 3.25 శాతం అందరికీ కట్టాలి. ఆ రక్షణ వాళ్లకు దక్కవలసిందే, కాని దాన్ని ధరలో కలపకుండా ఒప్పుకుంటే ఆ డబ్బు మీ ఇంట్లోంచే పోతుంది. కనీసం 310 అడగండి, రాకపోతే వదిలేయండి.

మరికొన్ని జాగ్రత్తలు చెప్పాలి. పిండి కిలోలను కాకుండా ఆరిన అప్పడాల కిలోలనే లెక్కలోకి తీసుకోండి. తడి ఆరడం, అంచులు విరగడం ఎప్పుడూ ఉండే తరుగు కనుక అది ధరలో చేరాల్సిందే. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటినప్పుడో, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడో తడిసి పారబోసిన సరుకు మాత్రం వేరు. అటువంటి అసాధారణ నష్టాన్ని సరుకు ఖరీదులో కలపకూడదని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఇచ్చిన అకౌంటింగ్ స్టాండర్డ్ 2 కూడా చెబుతోంది. దాన్ని ఆ ఏడాది నష్టంగా విడిగా రాయాలి. శ్రావణ, భాద్రపదాల్లో వానకు పని సగమైనప్పుడు కిలోకు అద్దె రెట్టింపయిందని ధర పెంచడం కూడా తప్పే. మామూలు రోజుల ఉత్పత్తిని ఆధారం చేసుకునే అద్దెను పంచాలి. మే నెలలో ఆవకాయ పెట్టి దీపావళి దాకా అమ్ముతారు కాబట్టి, మే నెల కూలిని మే నెల ఖర్చుగా చూపకుండా, అమ్ముడుపోని జాడీల నిల్వ విలువలో ఉంచండి. లేకపోతే ప్రతి మే నెలా నష్టం, ప్రతి ఆశ్వయుజం లాభం కనబడి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి.

జీఎస్‌టీ సంగతి ఒక్కటి మరచిపోకండి. అప్పడాల మీద పన్ను లేదు, పచ్చళ్ల మీద ఉంది. అందువల్ల రెండింటికీ ఉమ్మడిగా వాడే మిషన్ల మీదా కవర్ల మీదా కట్టిన పన్నులో అప్పడాల అమ్మకం వాటాకు సరిపడే భాగం తిరిగి రాదు. అది కూడా ఖర్చే. ఇంతకూ మీ సొంత శ్రమకు ఈ లెక్కలో ఎక్కడా పైసా లేదు. పన్ను లెక్కలో అది జీతం కాకపోవచ్చు, ధర కట్టేటప్పుడు మాత్రం మీ స్థానంలో ఇంకొకరిని పెడితే ఎంత ఇవ్వాల్సి వస్తుందో అంత వేసుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పప్పు నానబోసే మనిషికి విలువ కట్టని లెక్కను నేను లెక్కగా ఒప్పుకోలేను.

ప్రశ్న: పర్లాకిమిడి దగ్గర జీడిపిక్కలు కొట్టించే చిన్న షెడ్డు మాది. విరగని పప్పు, బద్దలు, ముక్కలు మూడూ ఒకే బస్తాలోంచి వస్తాయి. ముక్కల మీద ఎప్పుడూ నష్టమే చూపిస్తోంది. ఖర్చు ఎలా పంచాలి?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: మీకు గంటల లెక్క పనిచేయదు, ఎందుకంటే పొట్టు తీసేదాకా మూడింటి పనీ ఒక్కటే. ముక్కలు కావాలని ఎవరూ పిక్క కొట్టరు కదా. ఇలాంటిచోట అమ్మకం విలువ మీద పంచడమే న్యాయం. ఒక విడత పిక్కలకు, కూలితో సహా 12,000 ఖర్చయి, 14 కిలోల విరగని పప్పు 800 చొప్పున, 4 కిలోల బద్దలు 700 చొప్పున, 2 కిలోల ముక్కలు 500 చొప్పున పోతాయనుకోండి. తూకం మీద పంచితే అన్నీ కిలోకు 600కే పడి, ముక్కలు వందేసి రూపాయలు నష్టంగా కనిపిస్తాయి. మొత్తం అమ్మకం 15,000 కనుక, రూపాయి అమ్మకానికి 80 పైసల ఖర్చు. ఆ ప్రకారం విరగని పప్పు 640కి, బద్దలు 560కి, ముక్కలు 400కు పడతాయి. పొట్టు తీశాక విరగని పప్పును సైజులవారీగా, అంటే పౌనుకు 320 పలుకులు, 240 పలుకులు అంటూ ఏరడానికి అయ్యే కూలిని ఆ పప్పు మీదే వేయండి, బద్దల మీదికి పోనీయకండి. నూనె తీసేవాళ్లకు పెంకు అమ్మితే వచ్చే డబ్బును వేరే లాభంగా రాసుకోకుండా, ముందుగానే ఆ 12,000లోంచి తగ్గించి, ఆ తర్వాతే పంపకం మొదలుపెట్టండి.