పట్టణ ప్రణాళిక అంటే వీధులు గీయడమేనా?

పట్టణ ప్రణాళికలో ఏమేం ఉంటాయి, అది ఎప్పుడు మొదలైంది అని అడిగారు. ఊరు పెరగకముందే ఏ నేలను దేనికి వాడాలో తేల్చుకోవడమే దాని అసలు పని. ఇళ్లు, బజారు, ఫ్యాక్టరీలు, పార్కులు ఎక్కడ ఉండాలి, జనం ఎలా తిరగాలి, మురుగు ఎటు పోవాలి అన్నవన్నీ ఇందులోకే వస్తాయి. నా దృష్టిలో మురుగే అన్నిటికన్నా ముఖ్యం. రోడ్డును తర్వాతైనా వెడల్పు చేయొచ్చు (కష్టమే అనుకోండి), నేల వాలును మార్చడం మాత్రం దాదాపు అసాధ్యం.

మొహెంజొదారో కట్టినవాళ్లకు ఈ సంగతి క్రీ.పూ. 2500 నాటికే తెలుసు. చాలా ఇళ్లకు స్నానపు గదులు ఉండేవి. ఆ నీరు వీధి వెంట ఇటుకలతో కప్పిన కాలువల్లోకి పోయేది. శుభ్రం చేసుకోవడానికి మధ్యమధ్యలో గుంటలు కూడా కట్టారు. క్రీ.పూ. 494లో పర్షియన్లు నాశనం చేసిన గ్రీకు నగరం మిలెటస్‌ను గ్రీకులు తర్వాత గళ్ల పద్ధతిలో (వీధులు నిలువుగా, అడ్డంగా ఒకదాన్నొకటి కోసుకునేలా) మళ్లీ కట్టుకున్నారు. ఆ ఊరివాడైన నగర రూపకర్త హిప్పోడామస్ పేరే ఆ పద్ధతికి నిలిచిపోయింది.

రకాలకొస్తే, గళ్ల నమూనాలో స్థలాలు పంచడం తేలిక. 1715లో మొదలైన జర్మనీలోని కార్ల్స్‌రూలో వీధులు రాజభవనం దగ్గర నుంచి కిరణాల్లా విచ్చుకుంటాయి. ఇంగ్లిష్ సంస్కర్త ఎబెనెజర్ హోవార్డ్ 1898లో ప్రతిపాదించిన ఉద్యాన నగరంలో చుట్టూ పొలాలు, మధ్యలో ఊరు, మొత్తం సుమారు 32,000 మంది జనం. ఇంగ్లండ్‌లోని లెచ్‌వర్త్ 1903లో ఆ ఆలోచనతోనే మొదలైంది.